నీటి మట్టం కావాలి, ఇంటి నంబరు వద్దు

(వాతావరణ మార్పులపై స్థానికంగా పనిచేస్తున్న వాలంటీర్ల కోసం విశాఖపట్నంలో ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగానికి రాత ప్రతి)

సభకు నమస్కారం. ఆదివారం పూట ఇంటి పనులు పక్కనపెట్టి వచ్చిన కాలనీ సంఘాల పెద్దలకు, జాలరిపేట నుంచి వచ్చిన అన్నలకు, అక్కలకు, రోజూ పొద్దున్నే వాన కొలిచి లెక్క రాస్తున్న విద్యార్థులకు నా కృతజ్ఞతలు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి దగ్గర తీరం దాటిన పూట ఎవరు ఏ గదిలో తలదాచుకున్నారో ఇక్కడున్న చాలామందికి ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. ఏ వీధిలో ఏ చెట్టు కూలింది, ఏది నిలిచింది, ఏ గెడ్డ ఎటు పొంగింది, కరెంటు లేని రోజుల్లో ఎవరి నూతి నుంచి వీధంతా నీళ్లు తోడుకుంది అన్నవి మనుషుల జ్ఞాపకంలో ఉన్నంత వివరంగా ఏ ఫైలులోనూ ఉండవు. ఆ తెలివిడినంతా ఒకచోట చేర్చి, ఒక వీధికి తెలిసింది మరో వీధికి ఉపయోగపడేలా చేయాలన్న ఆలోచనతోనే మన ఉమ్మడి సమాచార వేదిక మొదలైంది. వాన నీరు నిలిచే చోట్లు, రాత్రి పూట కూడా చల్లబడని వీధులు, కోత పడుతున్న తీరం, ఉప్పు గాలికి తట్టుకునే మొక్కలు, మేడ మీద సోలార్ పలకలు పెట్టుకున్నవారి అనుభవాలు అందులోకి చేరుతున్నాయి. వాటి ప్రయోజనం గురించి మీకు నేను కొత్తగా చెప్పవలసింది లేదు. ఆ సమాచారం ఇచ్చిన మనిషి గురించి ఈరోజు మాట్లాడతాను.

ఒక వానాకాలంలో జరిగిన సంగతి చెప్పి మొదలుపెడతాను. గెడ్డ పక్కనున్న ఒక వీధిలో నీరు ఎంత ఎత్తు వచ్చిందో కొలవడానికి వాలంటీర్లతో పాటు నేనూ వెళ్లాను. వీధి పేరు చెప్పను, ఎందుకు చెప్పనో కాసేపట్లో మీకే అర్థమవుతుంది. ఒక ఇంట్లో అద్దెకు ఉంటున్న ఒకావిడ మమ్మల్ని లోపలికి పిలిచి గోడ మీద బురద గీసిన గీతను చూపించింది. గీత మీద అరచేయి ఆనించి, ఇక్కడిదాకా వచ్చాయని చెప్పింది. టేపు పెట్టి కొలిస్తే నేల నుంచి 64 సెంటీమీటర్లు వచ్చింది. ఆవిడ చేయి, గీత, టేపు మూడూ కనబడేలా నేను ఫోనుతో ఫోటో తీశాను. గీతకు జానెడు పైన మేకుకు మందుల సంచి వేలాడుతోంది, మూలన బియ్యం డబ్బా ఇటుకల మీద ఎత్తి పెట్టి ఉంది. ఇవన్నీ ఫోటోలో పడ్డాయి. ముంపు చోట్ల పటం మీద ఆ ఇల్లున్న చోట గుర్తు పెట్టి, దాని కింద ఫోటో జతచేసి అందరికీ కనబడేలా ఉంచినవాణ్ని నేనే. పేరు రాయలేదు కనుక ఏ ఇబ్బందీ ఉండదని నమ్మాను.

కొన్ని వారాలకు ఆ ఫోటో వాట్సాప్ గ్రూపులు తిరిగి తిరిగి ఇంటి యజమాని ఫోనుకు చేరింది. ఆయన ఆ ఇల్లు అమ్మకానికి పెట్టి ఉన్నాడు. వరండా రంగు, తలుపు, మేకులతో సహా తన ఇంటిని ఆయన గుర్తుపట్టలేడా? అద్దెకున్నవాళ్లే ఇంటికి చెడ్డపేరు తెచ్చారని కోపగించుకుని, నెల తిరక్కుండా ఖాళీ చేయమన్నాడు. విషయం తెలిసి మేం పరుగున వెళ్లేసరికి ఆవిడ సామాను సర్దుకుంటోంది. నన్ను తిట్టలేదు. "నీల్లెంత వొచ్చాయో అడిగారు, సెప్పాను. నా ఇల్లు ఊరందరికీ సూపించమన్నానేటి బాబూ?" అని మాత్రం అంది. ఫోటో ఆ సాయంత్రమే తీసేశాం, కానీ అప్పటికే అది ఎన్ని ఫోన్లలో నిలిచిపోయిందో లెక్క తేలలేదు. ఆ మాటకు ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఈ ప్రసంగం ఆవిడకు బాకీపడిన జవాబు అనుకోండి.

ఆ ఫోటోలో ఏముందో తర్వాత కూర్చుని చూశాను. మీరు కూడా మీ ఫోనులో ఒక ఫోటో తెరిచి దాని వివరాలు చూడండి. తీసిన తేదీ, గంట, నిమిషం, ఫోను మోడల్ ఉంటాయి. కెమెరాకు లొకేషన్ అనుమతి ఇచ్చి ఉంటే అక్షాంశం, రేఖాంశం కూడా ఉంటాయి. మన ఊరికి అక్షాంశం 17.7 దగ్గర, రేఖాంశం 83.3 దగ్గర ఉంటుంది. దశాంశ బిందువు తర్వాత ఒక అంకె పెరిగిన కొద్దీ ఆ చోటు పదింతలు కచ్చితమవుతుంది. రెండు అంకెలుంటే సుమారు కిలోమీటరు, మూడుంటే సుమారు 100 మీటర్లు, అయిదుంటే దాదాపు ఒక్క మీటరు. మన ఫోన్లు అంతకంటే ఎక్కువ అంకెలే రాసుకుంటాయి. అంటే ఫోటో ఏ ఇంట్లో తీశారో దాదాపు పట్టి చూపించే వివరం దాని వెనకే అంటుకుని ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరం తొలగిపోతుంది. స్పష్టత తగ్గకూడదని చాలామంది వాలంటీర్లు ఫోటోను డాక్యుమెంటుగా పంపుతున్నారు, అలా పంపితే అంకెలతో సహా మొత్తం చేరుతుంది. ఇంత చిన్న తేడాను మేం మా వాలంటీర్లకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు.

పేరు తీసేస్తే మనిషి మరుగున పడిపోతాడన్న మన నమ్మకం ఎంత బలహీనమైనదో అమెరికాలో లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు పాతికేళ్ల కిందటే లెక్క కట్టి చూపించారు. పుట్టిన తేదీ, ఆడా మగా అన్నది, అక్కడి పిన్‌కోడ్, ఈ మూడూ తెలిస్తే చాలు, ఆ దేశ జనాభాలో 87 శాతం మందిని ఒక్కొక్కరిగా వేరుచేయవచ్చని 1990 జనాభా లెక్కల ఆధారంగా ఆమె అంచనా వేశారు. మన పనిలో అంత కూడా అవసరం లేదు, ఎందుకంటే మనది స్థానికమైన పని. దేశం మొత్తం మీద "సోలార్ పెట్టుకున్న విశ్రాంత ఉపాధ్యాయుడు" అంటే లక్షల్లో ఒకరు. అదే మాట ఒక కాలనీ మూడో వీధి గురించి అంటే ఆయన ఇంటి గేటు రంగు కూడా మీకు తెలుసు. స్థానికత మన బలం అని అన్ని సభల్లోనూ చెప్పుకుంటాం. చిన్న చోట మనిషిని దాచడం కష్టమన్న సంగతిని దానితో పాటు ఒప్పుకోవాలి.

చిన్న చోటే కాదు, పెద్ద లెక్కలు కూడా మనుషుల్ని బయటపెట్టగలవు. పరుగెత్తేవారి, సైకిల్ తొక్కేవారి దారులన్నిటినీ కలిపి, వాటిని ఫోనులో నమోదుచేసే యాప్ నడిపే స్ట్రావా సంస్థ 2017 నవంబరులో ఒక ప్రపంచ పటం విడుదల చేసింది. అందులో ఒక్క పేరు కూడా లేదు. అయినా జనసంచారం లేని ఎడారుల్లో సైనికులు పరుగెత్తిన గీతలు వెలుగుతూ కనిపించి, 2018 జనవరి నాటికి సైనిక స్థావరాల ఆనవాళ్లు ప్రపంచానికంతటికీ తెలిసిపోయాయి. తూర్పు నౌకాదళ కేంద్రమున్న ఊళ్లో తీరం వెంబడి నడుస్తూ కోత కొలిచే మనం ఈ ఉదాహరణను తేలిగ్గా తీసుకోకూడదు.

మరి ఏం చేయాలి? వివరాన్ని మొద్దుబార్చడం ఒక మార్గం. ముంపు గుర్తును ఇంటి మీద కాకుండా వీధి మలుపు మీద పెట్టవచ్చు, ఎండ లెక్కలను కిలోమీటరు గళ్లలోకి సర్దవచ్చు. అయితే మరీ మొద్దుబారిస్తే ఆ పటం ఎవరికీ పనికిరాదు. కాలువ ఎక్కడ వెడల్పు చేయాలో తేల్చుకునే ఇంజనీరుకు "ఈ వార్డులో ఎక్కడో నీరు నిలుస్తుంది" అంటే ఏం ఉపయోగం? అందుకే ఏ పనికి ఎంత కచ్చితత్వం కావాలో ముందే అడగడం అలవాటు చేసుకున్నాం. కాలువ పనికి వీధి చాలు. ఇంటింటి కొలత కావలసివస్తే అది ఇద్దరు బాధ్యుల దగ్గర తాళం కింద ఉంటుంది, పని పూర్తయ్యాక చెరిపేస్తాం. ఒక గడిలో కనీసం అయిదు ఇళ్ల నుంచి సమాచారం వచ్చేదాకా ఆ గడిని పటం మీద చూపించకూడదన్న నియమం కూడా పెట్టుకున్నాం. ఇది పూర్తి రక్షణ అనుకోవద్దు. అయిదు ఇళ్లవారూ ఒకే జవాబు చెప్పి ఉంటే, వాటిలో ఏ ఇంటి జవాబైనా చూసేవారికి తెలిసిపోయినట్టే. నీరు నిలిచిందన్న విషయంలో దాని వల్ల నష్టం తక్కువ, జబ్బుల విషయంలో మాత్రం చాలా ఎక్కువ.

జబ్బుల మాట వచ్చింది కనుక వడగాలుల జాబితా గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎండలు ముదిరినప్పుడు ముందుగా ఎవరి తలుపు తట్టాలో తెలియాలి. ఒంటరిగా ఉండే వృద్ధులు, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు, రేకుల ఇళ్లలో ఉండేవారు ఎవరెవరో రాసి పెట్టుకుందామని మా సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. సదుద్దేశంతోనే వచ్చింది. ఒక కుర్రాడు అప్పటికప్పుడు గూగుల్ ఫారం కూడా తయారుచేశాడు, అందులో పేరు, వయసు, చిరునామా, ఫోను, జబ్బు, ఇంట్లో ఇంకెవరైనా ఉంటారా అన్న ప్రశ్నలున్నాయి. ఆ ఫారం నిండితే వచ్చే పట్టికను ఒక్కసారి ఊహించుకోండి. ఏ ఇంట్లో డెబ్బై అయిదేళ్ల ముసలావిడ ఒక్కతే ఉంటుందో, ఆమె పిల్లలు ఎంత దూరంలో ఉన్నారో, ఆమె ఫోను నంబరేమిటో వరసగా రాసి ఉన్న పట్టిక అది. డిజిటల్ అరెస్టు అంటూ ఫోను చేసి పెద్దవాళ్లను బెదిరించి, బ్యాంకు ఖాతా ఖాళీ చేసేవారికి అంతకంటే ఏం కావాలి? లింకు దొరికితే ఎవరైనా తెరవగలిగే స్ప్రెడ్‌షీటులో దాన్ని ఉంచడమంటే ఆ వృద్ధుల ఇళ్ల తాళం చెవులు వీధి అరుగు మీద పెట్టడమే.

అలాగని వారిని వదిలేయలేం. ఆ వీధి ఆశా కార్యకర్తకు, పాలు పోసే మనిషికి, ఎదురింటివారికి ఆ వృద్ధురాలి సంగతి ఎలాగూ తెలుసు. ఆ ఎరుక వారి దగ్గరే ఉండనిద్దాం. వేదిక మీద "ఈ వీధిలో పలకరించవలసిన ఇళ్లు ఏడు" అన్న సంఖ్య చాలు. వడగాలి హెచ్చరిక వచ్చినప్పుడు ఆ వీధి బాధ్యురాలికి మనం సందేశం పంపుతాం, తలుపు తట్టేది ఆమె. మా ఇంట్లో ఫలానా వారున్నారు, వచ్చి చూడండి అని ఎవరైనా తమంతట తాము చెబితే ఆ చీటీ ఆమె చేతి పుస్తకంలో ఉంటుంది. ఈ పద్ధతిలో పని కాస్త ఆలస్యమవుతుందని కొందరు మిత్రులు అంటున్నారు. ఆ అభ్యంతరంలో నిజముంది. ఆ మాత్రం ఆలస్యాన్ని భరించడమే సబబని నా అభిప్రాయం.

ఇప్పుడు సముద్రం వైపు వస్తాను. జాలరిపేట అన్నలు మొదటి సమావేశంలోనే నన్ను ఒక ప్రశ్న అడిగారు. ఎక్కడ వల వేస్తే ఏ చేప పడుతోందో, ఏడాదికేడాది అది ఎంత దూరం జరుగుతోందో రాసిస్తే సముద్రం వేడెక్కడం గురించి మీకు తెలుస్తుంది సరే, మరి ఆ చోటు పెద్ద మరపడవలవాళ్లకు తెలిస్తే మా గతేమిటని. చిన్న పడవ మీద వేటకు వెళ్లే మనిషికి సముద్రం అడుగున ఏ పార, అంటే రాతి దిబ్బ, దగ్గర ఏ కాలంలో చేప ఉంటుందన్నది తాతల నాటి ఆస్తి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉపగ్రహాల సాయంతో చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలను ప్రకటిస్తుంది, అది అందరికీ ఇచ్చే సమాచారం. ఆ పార గుట్టు అలాంటిది కాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. తేదీ, గంట, చోటు కలిపి రాసిన లెక్క ఎవరి చేతికైనా చిక్కితే, వాతావరణ పరిశోధన కోసం ఇచ్చిన చీటీ రేపు ఎవరి మీదనో సాక్ష్యంగా మారవచ్చు. నిషేధాన్ని ఎవరూ మీరకూడదు, అందులో నాకు సందేహం లేదు. కానీ మనల్ని నమ్మి ఒక పనికి ఇచ్చిన మాటను మరో పనికి వాడితే, మళ్లీ ఆ పేటలో మనకు మంచినీళ్లు కూడా పుట్టవు.

ఇక్కడ పోయేది ఒక్క మనిషి గుట్టు కాదు, పేట మొత్తానిది. ఒక్క అన్న ఒప్పుకుని చెప్పినా నష్టం అందరిదీ. మన్యంలో గిరిజనులు కాపాడుకొచ్చిన విత్తనాల సంగతి, మందు మొక్కల సంగతి కూడా అంతే. పసుపుకు గాయం మాన్పే గుణముందన్న సంగతి మీద అమెరికాలో 1995లో పేటెంటు ఇచ్చారు. మన దేశ శాస్త్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ అభ్యంతరం తెలిపి పోరాడితే 1997లో అది రద్దయింది. వంటింట్లో ఉన్న పసుపు కోసమే అంత పోరాటం అవసరమైతే, ఒక గూడెం మాత్రమే ఎరిగిన మొక్క కోసం ఎవరు పోరాడతారు? కనుక ఇలాంటి సమాచారం విషయంలో ఒక్కరి సంతకం సరిపోదని, పేట పెద్దలను, ఆడవాళ్లను కూర్చోబెట్టి అడగాలని, వాళ్లు వద్దంటే ఆ గడి ఖాళీగా వదిలేయాలని నిర్ణయించాం. మన పటంలో సముద్రం మీద ఇప్పటికీ ఖాళీ గళ్లున్నాయి. వాటిని చూసి నాకు చిన్నతనమేమీ లేదు.

నోరులేని జీవాలకూ ఇదే వర్తిస్తుంది. శీతాకాలం చివర మన ఇసుక తీరాలకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూడులో సుమారు నూరు గుడ్లుంటాయి. గూడు కనబడగానే ఫోటో తీసి లొకేషన్‌తో సహా పెట్టాలన్న ఉత్సాహం సహజమే, కానీ ఆ గుడ్ల కోసం కుక్కల కంటే ముందు మనుషులు వస్తారు. జనం తాము చూసిన జీవులను నమోదుచేసే ఐనాచురలిస్ట్ వంటి వేదికలు అరుదైన జీవుల చోటును 20 కిలోమీటర్లు పైబడిన గడిలో ఎక్కడో ఒకచోట అన్నట్టు మసకబార్చి చూపిస్తాయి. మనం కూడా గూడు వివరం అటవీ శాఖ సిబ్బందికి చెప్పి, పటం మీద ఆ తీరం పేరు మాత్రమే రాస్తే చాలు.

చట్టం గురించి అడుగుతున్నారు కనుక క్లుప్తంగా చెబుతాను. గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి అప్పటి నుంచి 18 నెలల గడువుంది. గడువుంది కదా అని ఆగవలసిన పని లేదు. సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా పనికని తెలిసి ఇచ్చినదై ఉండాలని, ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోగలగాలని, దేనికి తీసుకుంటున్నారో చెప్పే నోటీసు కోరితే రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లోనూ అందాలని చట్టం అంటోంది. తెలుగు ఆ భాషల్లో ఒకటి. మన ఫారాలు ఇప్పటిదాకా ఇంగ్లీషులో ఉండి, చివర "నేను అంగీకరిస్తున్నాను" అన్న ఒక్క గడి మాత్రం తెలుగులో ఉండేది. ఏమి అంగీకరిస్తున్నారో తెలియని మనిషి పెట్టిన టిక్కును సమ్మతి అనడానికి నాకు మనసొప్పదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. బడి పిల్లలు వాన కొలిచే కార్యక్రమంలో పిల్లల పేర్లు తీసేసి బడి పేరు మాత్రమే ఉంచడానికి అది కూడా కారణం.

చట్టంలో ఒక వెసులుబాటు ఉంది, దాన్ని మనం వాడుకోకూడదు. ఎవరైనా తమ వివరాన్ని తామే బహిరంగంగా పెట్టుకుంటే దానికి ఈ చట్టం వర్తించదు. కాబట్టి జనం చేతే అన్నీ బహిరంగంగా పెట్టించి చేతులు దులుపుకోవచ్చని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. గోడ గీత చూపించిన ఆ ఇల్లాలి దగ్గరకు వెళ్లి ఆ మాట చెప్పగలమా?

ఇంకొక పక్కను కూడా గట్టిగా చెప్పాలి. గోప్యత మనుషుల హక్కు. ఈ చట్టం కాపాడేది కూడా గుర్తించదగిన వ్యక్తికి సంబంధించిన సమాచారాన్నే. ఫలానా గొట్టం నుంచి ఎంత పొగ వస్తోంది, ఫలానా కాలువలోకి ఏ రసాయనం కలుస్తోంది, ఏ ట్యాంకులో ఏం నిల్వ ఉంది అన్నవి ఎవరి వ్యక్తిగత విషయాలూ కావు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఇళ్లలోకి పాకినప్పుడు, తమ పక్కన ఏముందో, అది బయటికొస్తే ఏం చేయాలో తెలియక నిద్రలోంచి లేచి పరుగెత్తిన జనాన్ని మరిచిపోకూడదు. అలాంటి సమాచారం అడిగితే గోప్యత పేరు చెప్పి తలుపు మూసేవారికి మన నియమాలు ఆసరా కారాదు. ఫ్యాక్టరీ వాసన గురించి ఫిర్యాదు చేసే కూలీ పేరును మనం ఎంత పట్టుదలగా దాస్తామో, ఆ వాసన వచ్చిన చోటును, గంటను అంతే పట్టుదలగా బయటపెట్టాలి.

చివరిగా, మేం ఇప్పటికే మార్చిన కొన్ని పనులు. సభ్యత్వానికి ఫోను నంబరు అడగడం మానేశాం. సోలార్ అనుభవాల పేజీలో కరెంటు బిల్లు ఫోటోలు తీసేశాం, వాటి మీద సర్వీసు నంబరు, పేరు, చిరునామా ఉంటున్నాయి. నెలవారీ యూనిట్లు రాస్తే చాలు. పావుగంటకోసారి ఎంత కరెంటు ఖర్చయిందో చూపే మీటరు లెక్కలు అసలు తీసుకోవడం లేదు, ఇంట్లో ఎవరూ లేని వేళలు అందులో చదువుకోవచ్చు. ఫోటోలు వేదిక మీదకు ఎక్కేటప్పుడే లొకేషన్ అంకెలు రాలిపోయేలా మా సాంకేతిక బృందం ఏర్పాటు చేసింది. పాత ఫోటోలు నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి, ముగ్గురం కూర్చుని ఒక్కొక్కటీ చూస్తున్నాం, ఇంకా సగం కూడా పూర్తి కాలేదు.

గోడ మీద గీత చూపించిన ఆవిడ ఇప్పుడు వేరే పేటలో ఉంటోంది. పోయిన వానలకు ఆ పేటలోనూ నీళ్లొచ్చాయి. అడగడానికి నాకు మొహం చెల్లలేదు, మా బృందంలోని అమ్మాయి వెళ్లి తెలుగులో రాసిన సమ్మతి కాగితం చదివి వినిపించింది. ఆవిడ రెండుసార్లు చదివించుకుని, ఇంట్లోకి రావద్దని చెప్పి, వీధి చివర కరెంటు స్తంభం దగ్గరకు తీసుకెళ్లి దాని మీద గీత చూపించిందట. మన పటంలో ఆ వీధి కొలత ఆ స్తంభానిదే. అదే కాగితం ప్రతులు గుమ్మం పక్కన బల్ల మీద ఉన్నాయి. అందులో పదకొండు ప్రశ్నలున్నాయి. మీకు అనవసరం అనిపించిన ప్రశ్నను పెన్నుతో కొట్టేసి, ఆ కాగితం మాకు ఇచ్చి వెళ్లండి.